రివైండ్ ఉంటే పాత మారియోలో ఇంకేం మిగులుతుంది?

విభాగం: పాత గేములు, కన్సోల్స్

#1 పాతక్యాసెట్

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా మనసులో ఉన్న మాట, కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

నింటెండో స్విచ్ ఆన్‌లైన్‌లో నెస్ (నింటెండో పాత కన్సోల్) గేములు 2018లో వచ్చాయి, మరుసటి ఏడాది వాటికి రివైండ్ కలిపారు. బటన్లు నొక్కి పట్టుకుంటే గోతిలో పడ్డ మారియో వెనక్కి లేచొచ్చి గట్టు మీద నిలబడతాడు. ఈమధ్య వస్తున్న పాత గేముల కలెక్షన్లలో చాలావాటికి ఈ సౌకర్యం ఉంటోంది, జనం మెచ్చుకుంటున్నారు కూడా. నాకు మాత్రం అది గేమునే మార్చేస్తోందనిపిస్తుంది.

1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లు. ఎనిమిది లోకాలు, ఒక్కో లోకంలో నాలుగు చొప్పున 32 లెవెల్స్. అంత చిన్న గేమ్ వేసవి సెలవులంతా ఎలా సరిపోయింది? మూడు ప్రాణాలు, అవి పోతే మళ్ళీ 1-1, అంటే ఒకటో లోకం మొదటి లెవెల్. అందుకే సరిపోయింది.

దీన్ని సాగదీయడం అని కొట్టిపారేయకండి. 1-1ని ఒకసారి దగ్గరగా చూడండి. గుంబా అనే మొదటి శత్రువు ఎదురొస్తుంది, దూకడం నేర్చుకోక తప్పదు. దూకే కంగారులో ప్రశ్న గుర్తు డబ్బాకి తల తగులుతుంది, పుట్టగొడుగు బయటికొచ్చి కుడివైపు వెళ్ళి, పైపుకి కొట్టుకుని మన మీదికే తిరిగొస్తుంది. శత్రువేమో అని తప్పించుకోబోతే పైన ఇటుకలు అడ్డం. తగులుతుంది, మారియో పెద్దవాడవుతాడు, అది మంచిదని తెలిసిపోతుంది. లెవెల్ చివర్లో మెట్ల గుట్టలు రెండు జతలు. మొదటి జత మధ్య నేల ఉంటుంది, పడినా ఏం కాదు. రెండో జత మధ్య గొయ్యి. దూకుడు అదే, ఈసారి తప్పితే ప్రాణం పోతుంది. ఒక్క అక్షరం రాయకుండా ఇంత పాఠం చెప్పారు గేమ్ తయారుచేసిన మియామోతో, తెజుకా.

గేమ్ ఓవర్ అయిన ప్రతిసారీ ఆ పాఠం మళ్ళీ చదువుతాం. అందుకే 8-1కి వచ్చేసరికి పరుగు బటన్ వదలకుండా దూకడం వేళ్ళకి అలవాటైపోతుంది. రివైండ్‌తో ఆడినవాళ్ళు ఒక్క సాయంత్రంలో 8-4 చూసేసి పక్కన పడేస్తారు. మళ్ళీ ఆడాలనే కోరిక కష్టంలోంచే పుడుతుందని నా గట్టి నమ్మకం. మీరేమంటారు?

#2 బెజవాడ_రన్నర్

పాతక్యాసెట్ గారూ, 1-1 గురించి రాసింది అక్షరాలా నిజం. కానీ మీ లెక్కలో ఒక పెద్ద విషయం తప్పిపోయింది. అదే మారియోలో గేమ్ ఓవర్ అయ్యాక A బటన్ పట్టుకుని స్టార్ట్ కొడితే, ప్రాణాలు పోయిన లోకం మొదటి లెవెల్ నుంచే మళ్ళీ మొదలవుతుంది. 1-1కి పోనక్కర్లేదు. ఆ సదుపాయం పెట్టింది నింటెండో వాళ్ళే. అంటే "ప్రతిసారీ మొదటి నుంచి ఆడి తీరాలి" అని తయారుచేసినవాళ్ళు కూడా పట్టుబట్టలేదు.

ఇక అసలు గొడవ. పాత గేముల్లో ఉన్న కష్టమంతా డిజైనర్ పెట్టిందేనా? జపాన్‌లో గేములు అద్దెకివ్వడానికి చట్టం ఒప్పుకోలేదు. అమెరికాలో ప్రతి వీధిలో అద్దె షాపులు. శనివారం తెచ్చుకుని ఆదివారం పూర్తి చేసేస్తే ఇక ఎవరు కొంటారు? ఆ భయంతో అమెరికా వెర్షన్లని కావాలని బిగించారు. మచ్చుకి కొన్ని:

కాసిల్‌వేనియా 3. జపాన్ వెర్షన్ 1989లో వచ్చింది. అందులో దెబ్బ ఎంత తగిలేదీ కొట్టిన శత్రువుని బట్టి ఉంటుంది. అమెరికా వెర్షన్లో ముందుకెళ్ళే కొద్దీ అందరి దెబ్బా పెరిగిపోతుంది, చివరి లెవెల్స్‌లో గబ్బిలం తగిలినా ప్రాణం మీదికొస్తుంది. జపాన్‌లో గ్రాంట్ అనే పాత్ర బాకులు విసురుతాడు, అమెరికా వాళ్ళకి ఇచ్చిన గ్రాంట్ దగ్గరికెళ్ళి పొడవాలి.

నింజా గైడెన్ 3. జపాన్‌లో ఎన్నిసార్లయినా కంటిన్యూ చేసుకోవచ్చు. అమెరికాలో దానికి హద్దు పెట్టారు, దెబ్బలు పెంచారు.

కాంట్రా హార్డ్ కోర్. జపాన్‌లో మూడు దెబ్బల వరకు ఓర్చుకుంటాడు. అమెరికాలో ఒక్కటి తగిలితే పోయాడు.

లయన్ కింగ్ 1994. రెండో లెవెల్లో కోతులు సింబాని అటూ ఇటూ విసిరే చోటు గుర్తుందా? అద్దెకి తెచ్చుకున్నవాళ్ళు ఆ గడువులో దాటిపోకూడదని డిస్నీ ఒత్తిడి చేసిందని, అందుకే అక్కడ అంత చిక్కు పెట్టామని గేమ్ తయారుచేసిన వెస్ట్‌వుడ్ సహస్థాపకుడు లూయీ కాసిల్ తర్వాత చెప్పాడు.

వీటిలో ఏ కష్టాన్ని పవిత్రంగా కాపాడుకుందామంటారు?

#3 ఓరుగల్లు_బిడ్డ

రన్నర్ అన్నా, లయన్ కింగ్ కోతుల ముచ్చట ఇప్పుడే తెలిసింది. చిన్నప్పుడు మా అన్నదమ్ములంతా కంప్యూటర్ ముందు కూసొని అక్కడే ఆగిపోయినం. గులాబీ రంగు కోతి మీద గర్జిస్తే దాని దిక్కు మారుతదని మాకు ఎవ్వలు చెప్పలే. తరువాత లెవెల్స్ ఉన్నయని కూడా తెల్వదు.

ఇంకొక మాట. మన దగ్గర ఒక్క క్యాసెట్లో అదే కాంట్రా పది పేర్లతో ఉండేది. ఒకదాంట్ల 30 ప్రాణాలు, ఇంకొకదాంట్ల నేరుగా నీళ్ళ లెవెల్ కెళ్ళి మొదలు. ఈజీ మోడ్, లెవెల్ సెలెక్ట్ అన్నీ ఆ క్యాసెట్ చేసినోళ్ళే పెట్టిచ్చిన్రు. అయినా కాంట్రా మీద మోజు తగ్గిందా? ఇద్దరం ఎన్నిసార్లు ఆడినమో లెక్కే లేదు.

#4 హెర్ట్జ్50

ఓరుగల్లు బ్రో క్యాసెట్ల మాట ఎత్తారు కాబట్టి ఒక సాంకేతిక విషయం. మనలో చాలామంది చిన్నప్పుడు ఆడిన మారియో, జపాన్ పిల్లలు ఆడిన మారియో ఒకే వేగంతో నడవలేదు.

నెస్ గేముల్లో చాలావరకు లెక్కంతా ఫ్రేముకి ముడిపెట్టి ఉంటుంది. ఒక ఫ్రేములో మారియో ఇంత కదలాలి, సుత్తి ఇంత కిందికి రావాలి అని. అప్పట్లో జపాన్, అమెరికా టీవీలు సెకనుకి సుమారు 60 ఫ్రేములు చూపించేవి. మన టీవీలు పాల్ పద్ధతివి, 50. అరవైకి రాసిన గేమ్‌ని యాభై మీద నడిపితే దాదాపు 17 శాతం నెమ్మదిస్తుంది. యూరప్‌లో అమ్మిన మారియోలో నింటెండో ఈ తేడాని లెక్కలోకి తీసుకుని వేగం పెంచింది. మన బజార్లో దొరికిన కాపీ క్యాసెట్లకి ఆ మరమ్మతు ఎవరూ చేయలేదు. పాటలు కూడా కాస్త సాగినట్టు వినిపించేవి. తర్వాత ఎమ్యులేటర్లో (పాత కన్సోల్‌ని అనుకరించే ప్రోగ్రామ్) 60 మీద ఆడినప్పుడు "ఇదేంటి, ఇంత స్పీడుంది" అనిపించడానికి కారణం ఇదే. 8-3లో సుత్తుల అన్నదమ్ముల మధ్య దూరడానికి మనకి ప్రతి సెకనుకీ ఐదో వంతు అదనంగా దొరికింది.

దీనికి ఎదురుగా ఇంకోటి. పాత పిక్చర్ ట్యూబ్ టీవీల్లో బటన్ నొక్కగానే తెర మీద కనిపించేది. ఇప్పటి ఫ్లాట్ టీవీ, దాని వెనక ఎమ్యులేటర్, పైన వైర్‌లెస్ కంట్రోలర్, మూడూ కలిసి కొన్ని ఫ్రేములు తినేస్తాయి. ఒక్కో ఫ్రేము 17 మిల్లీసెకన్లు. బ్యాటిల్‌టోడ్స్ మూడో లెవెల్లో బైక్ మీద గోడలు తప్పించుకునే చోట ఆ ఆలస్యం ఎంత ఖరీదో ఆడినవాళ్ళకి తెలుసు. కష్టం పెంచాలని ఎవరూ అనుకోలేదు, అయినా పెరిగింది.

కాబట్టి "ఒరిజినల్ కష్టం" అనేటప్పుడు ఏ టీవీ మీద, ఏ దేశపు వెర్షన్ అని కూడా అడగాలి. ప్లేస్టేషన్ క్లాసిక్ 2018లో వచ్చినప్పుడు అందులో కొన్ని గేముల్ని యూరప్ 50 హెర్ట్జ్ వెర్షన్లే పెట్టారని అమెరికాలో ఎంత గోల జరిగిందో గుర్తుండే ఉంటుంది.

#5 పాతక్యాసెట్

> వీటిలో ఏ కష్టాన్ని పవిత్రంగా కాపాడుకుందామంటారు?

రన్నర్ గారూ, అద్దె షాపుల కోసం బిగించిన కష్టాన్ని నేను వెనకేసుకురావట్లేదు. కాసిల్‌వేనియా 3 జపాన్ వెర్షనే మేలు, ఆ సంగీతం కూడా అదనపు చిప్ వల్ల ఎంతో నిండుగా ఉంటుంది. నేను అడిగేది వేరు. గోతికి ఒక బరువు ఉండాలి కదా? ప్రాణం పోతుందన్న టెన్షన్ వల్లే మారియోలో ప్రతి నాణేనికీ విలువ. వంద నాణేలకి ఒక ప్రాణం. రివైండ్ చేతిలో ఉంటే ఆ నాణేలు ఎందుకు? పచ్చ పుట్టగొడుగు దాచిన చోటు ఎందుకు? ఒక్క బటన్ కలిపితే గేములో సగం వస్తువులకి పని లేకుండా పోతోంది. నా బాధ అది.

#6 సుధ_ఎల్

నమస్తే అండి, ఇన్నాళ్ళూ చదవడమే తప్ప ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. మారియో నాకు పెద్దగా తెలియదు. నా గేమ్ ప్రిన్స్ ఆఫ్ పర్షియా. స్కూల్ కంప్యూటర్ ల్యాబ్‌లో నేర్చుకున్నాను, ఇప్పటికీ ఆడతాను.

పాతక్యాసెట్ గారు ప్రాణాల లెక్క అంటున్నారు. ప్రిన్స్‌లో ప్రాణాల లెక్కే లేదు. ఎన్నిసార్లు చచ్చినా ఆ లెవెల్ మొదటి నుంచి ఆడుకోవచ్చు. కానీ గడియారం ఆగదు. మొత్తం పన్నెండు లెవెల్స్‌కి కలిపి 60 నిమిషాలు. మూడో లెవెల్ నుంచి సేవ్ కూడా చేసుకోవచ్చు. చూడ్డానికి ఎంతో దయగల గేమ్. కానీ నాలుగో లెవెల్‌కే సగం టైమ్ తినేసి సేవ్ చేసుకుంటే, ఆ సేవ్ దేనికీ పనికిరాదు. ఆ సంగతి తొమ్మిదో లెవెల్లో గాని తెలియదు! అప్పుడు వెనక్కి, ఒకటో లెవెల్‌కి. ఈసారి ఊడే పలకల మీద ఆగకుండా పరుగెత్తడం, గేటు మూసుకుపోయేలోపు దూరడం, కాపలావాడితో త్వరగా తేల్చేయడం. ఎవరూ బలవంతపెట్టకుండానే మొదటి లెవెల్‌ని మెరుగుపరుచుకుంటాం.

జోర్డాన్ మెక్నర్ తన తమ్ముడు పరుగెత్తడం, దూకడం వీడియో తీసి, దాని మీద ఒక్కో బొమ్మా గీశాడు. అందుకే ప్రిన్స్ ఒంటికి బరువుంటుంది. బటన్ నొక్కగానే ఎగరడు, అడుగు తీసుకుంటాడు, గట్టు అంచు పట్టుకుని వేలాడతాడు. ఆ అడుగుల కొలత వంటబట్టాక కదలడమే ఒక ఆనందం.

నాకనిపించేది, మళ్ళీ ఆడాలనిపించడానికి రెండు కారణాలుంటాయి. ఒకటి రహస్యం. నాలుగో లెవెల్లో అద్దంలోకి దూకితే మన నీడ బయటపడి పారిపోతుంది. పన్నెండులో దానితో పోరాటం. దాన్ని కొడితే మనకే దెబ్బ, కత్తి ఒరలో పెట్టి ఎదురెళితే రెండూ కలిసిపోతాయి. మొదటిసారి తెలిసినప్పుడు ఒళ్ళు జలదరించింది. కానీ అది ఒక్కసారికే. రెండోది కదలిక. అది ఎన్నేళ్ళయినా తరగదు. క్లాసులో "ప్రిన్స్ మెగాహిట్" అని చీట్ కోడ్ టైప్ చేసి, టైమ్ పెంచుకుంటూ చివరి విలన్ జాఫర్ దాకా వెళ్ళినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళు రహస్యాలన్నీ చూశారు, కదలిక మాత్రం వాళ్ళకి అబ్బలేదు. మళ్ళీ ఆడిన వాళ్ళని నేను చూడలేదు.

#7 బెజవాడ_రన్నర్

సుధ గారూ, ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా వచ్చిన వాటిలో మంచి పోస్ట్ మీది. ఇకపై రాస్తూ ఉండండి.

#8 క్రాష్_కాకినాడ

రీ-రిలీజ్ అంటే గేమ్ తేలికైపోతుందని అందరూ ముందే అనుకుంటున్నట్టున్నారు. నా అనుభవం తలకిందులు.

1996 క్రాష్ బ్యాండికూట్‌లో బయటికి కనిపించని ఒక ఏర్పాటు ఉంది. ఒకే చోట ఎక్కువసార్లు చస్తుంటే గేమే గుట్టుగా 'అకు అకు' అనే రక్షణ ముసుగు ఇస్తుంది, ఇంకా చస్తే మధ్యలో చెక్‌పాయింట్ పెట్టె ప్రత్యక్షమవుతుంది. గేమ్ తయారుచేసిన నాటీ డాగ్ వాళ్ళు దీని గురించి తర్వాత బాహాటంగానే చెప్పారు. అంటే కష్టానికి పేరున్న గేమ్ లోపల్లోపల ఆటగాణ్ణి కాచుకుంటూనే ఉంది.

2017లో వైకేరియస్ విజన్స్ వాళ్ళు మూడు గేముల్నీ మళ్ళీ తయారుచేసి ఎన్. సేన్ ట్రిలజీ ఇచ్చారు. కంటికి పండగే. అయితే క్రాష్ పాదాల కింద తగిలే ఆకారం అంచుల దగ్గర గుండ్రంగా మారింది, పాత గేములో చదునుగా ఉండేది. దాంతో గట్టు చివర దిగినప్పుడు జారి కిందికి పోతాడు. దూకాక కిందికి పడే వేగం కూడా పెరిగింది. మొదటి గేమ్ మునుపటి కంటే కష్టమైందని వాళ్ళే ఒప్పుకుని, కొత్తవాళ్ళు మూడో గేముతో మొదలుపెడితే మంచిదని సలహా ఇచ్చారు. తాళ్ళ వంతెన లెవెల్ పాత ప్లేస్టేషన్లో కళ్ళు మూసుకుని దాటేవాణ్ణి. కొత్తదాంట్లో అదే పలక, అదే దూరం, కాలు మాత్రం నిలవదు.

ఇంకోవైపు వాళ్ళు తేలిక చేసినవీ ఉన్నాయి. పాతదాంట్లో ఏ రత్నం కావాలన్నా లెవెల్లో ఒక్కసారి కూడా చావకుండా పెట్టెలన్నీ పగలగొట్టాలి. కొత్తదాంట్లో రంగు రత్నాలకి మాత్రమే ఆ షరతు ఉంచారు. మరీ కష్టమని 1996లో పక్కన పెట్టేసిన స్టార్మీ అసెంట్ అనే లెవెల్‌ని 2017లో ఉచితంగా ఇచ్చారు. అభిమానులు ఎగబడి ఆడారు. కష్టం జనాన్ని పారదోలుతుందనేవాళ్ళు దీనికేమంటారు?

#9 బెజవాడ_రన్నర్

> కష్టం జనాన్ని పారదోలుతుందనేవాళ్ళు

పారదోలుతుందని నేననలేదు బ్రో. ఎవరు అడిగి తెచ్చుకున్న కష్టం అన్నది ముఖ్యం అంటున్నాను. స్టార్మీ అసెంట్ విడిగా ఉంది, కావాలనుకున్నవాడు వెళ్ళాడు. 2020లో వచ్చిన క్రాష్ 4 తీసుకో. లెవెల్స్ పొడుగు, పెట్టెలు వందలకొద్దీ, ఒక్కటి కూడా వదలకుండా, ఒక్కసారి చావకుండా పూర్తిచేస్తే గాని ఆ పర్ఫెక్ట్ బిళ్ళ రాదు. చివరి పెట్టె ఏ స్తంభం వెనకో దాచి ఉంటుంది. అందులో నైపుణ్యం ఏముంది? ఓపికకి పెట్టిన పరీక్ష అది. పొడుగు లెవెల్లో చివర చచ్చి మొదటికి రావడం, చిన్న లెవెల్లో చచ్చి మొదటికి రావడం ఒకటి కావు. మారియో 1-1 అర నిమిషంలో అయిపోతుంది కాబట్టే మళ్ళీ ఆడబుద్ధి వేస్తుంది.

#10 డల్లాస్_నాన్న

మేం డల్లాస్‌లో ఉంటాం. మా అమ్మాయి స్విచ్‌లో పాత మారియో ఆడుతుంది, రివైండ్ వాడుతుంది. పాతక్యాసెట్ గారి మాట చదివాక ఆ అమ్మాయి ఎలా ఆడుతోందో ఈ వారం జాగ్రత్తగా గమనించాను.

గోతిలో పడితే వెనక్కి తిప్పుతుంది, నిజమే. కానీ దాటిన తర్వాత కూడా వెనక్కి తిప్పుతోంది! ఎందుకమ్మా, దాటేశావు కదా అంటే "సరిగ్గా దాటలేదు నాన్నా, ఆగిపోయాను" అంది. 8-1లో రెండు గోతుల మధ్య సన్నటి గట్టు మీద కాలు మోపి ఆగకుండా మళ్ళీ దూకే చోటు ఉంది చూడండి, అక్కడ పరుగు తగ్గకుండా వెళ్ళడం వచ్చేదాకా వదల్లేదు. మన చిన్నతనంలో ఆ చోటు ఒకసారి ప్రయత్నించాలంటే ముందున్న లెవెల్స్ అన్నీ దాటి రావాలి, ఒక్క అవకాశం, పోతే మళ్ళీ అంతా. ఈ పిల్లకి అదే దూకుడు గుక్క తిప్పుకోకుండా సాధన చేసే వీలు దొరికింది. సుధ గారన్న కదలిక దానికి రివైండ్ వల్లే అబ్బింది. ఇప్పుడు రివైండ్ లేకుండా ఆడి చూస్తానంటోంది.

#11 బెజవాడ_రన్నర్

అచ్చంగా స్పీడ్‌రన్ చేసేవాళ్ళు, అంటే గేమ్‌ని వీలైనంత వేగంగా ముగించేవాళ్ళు, సాధన చేసే పద్ధతే అది. కష్టమైన చోట సేవ్ స్టేట్ (ఆ క్షణాన్ని అక్కడికక్కడే దాచుకోవడం) పెట్టుకుని అదే ముక్క తిప్పి తిప్పి ఆడతారు, చేతికి వచ్చాక మొత్తం గేమ్ ఒక్క బిగిన. మారియోని ప్రపంచంలో అందరికంటే ఎక్కువసార్లు మళ్ళీ ఆడేది వీళ్ళే. 2021లో మొదటిసారి 4 నిమిషాల 55 సెకన్ల లోపు పూర్తిచేశారు. ఆ గేములో లెవెల్ మారడం 21 ఫ్రేములకొకసారి మాత్రమే జరుగుతుంది. అంటే 21 ఫ్రేములు ఆదా చేస్తేనే ముందు బస్సు దొరుకుతుంది, ఇరవై ఆదా చేసినా ఆ తర్వాతి బస్సే. సెకనులో మూడో వంతు కోసం ఏళ్ళ తరబడి పోటీ. ఇంతమందిని ఇన్నేళ్ళు పట్టి ఉంచింది సేవ్ స్టేట్లు లేకపోవడం వల్ల కాదు, ఉండడం వల్ల.

#12 నిదానంగా

నాకు కీళ్ళవాతం. వేళ్ళు పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటాయి. కష్టం తగ్గించడం గురించి మాట్లాడేటప్పుడు నాలాంటివాళ్ళని కూడా లెక్కలో పెట్టుకోమని కోరుతున్నాను.

సెలెస్ట్ అనే గేములో అసిస్ట్ మోడ్ ఉంది. గేమ్ వేగాన్ని పది శాతం చొప్పున తగ్గించుకోవచ్చు. నేను 80లో పెట్టుకుని ఆడతాను. నాకు అక్కడ కూడా చెమటలు పడతాయి, చస్తాను, గెలిస్తే ఎగిరి గంతేస్తాను. డాంకీ కాంగ్ ట్రాపికల్ ఫ్రీజ్ 2014లో వచ్చినప్పుడు నాకు అందని గేమ్. 2018లో స్విచ్‌కి తెచ్చినప్పుడు ఫంకీ మోడ్ కలిపారు, అందులో గుండెకాయలు ఎక్కువ, ముళ్ళ మీద కూడా నిలబడొచ్చు. ఒరిజినల్ మోడ్‌ని ముట్టుకోలేదు, అది పక్కనే ఉంది. రీ-రిలీజ్ వల్ల నేను ఆ గేమ్ పూర్తిచేశాను. హెర్ట్జ్50 గారు చెప్పినదాని ప్రకారం మీరంతా చిన్నప్పుడు 83 శాతం వేగంతో ఆడినవాళ్ళే కదా.

#13 పాతక్యాసెట్

నిదానంగా గారూ, మీ మాట కాదనడానికి లేదు, కాదనను కూడా. ఫంకీ మోడ్ పెట్టిన పద్ధతి నాకూ నచ్చింది, ఎందుకంటే అది ముందే ఎంచుకుని మొదలుపెట్టేది. మోడ్ ఎంచుకున్నాక ఆ లోపల గోతికి మళ్ళీ బరువుంది. నా అభ్యంతరం ఎప్పుడూ వేలి కింద ఉండే రివైండ్ మీద. కొత్తగా ఆడేవాళ్ళ చేతికి గేముతో పాటే దాన్నిస్తే, అసలు గేమ్ ఎలా ఉంటుందో రుచి చూసే అవకాశం పోతుంది. డల్లాస్ నాన్న గారి అమ్మాయిలా వాడుకునే పిల్లలు నూటికి ఎంతమంది ఉంటారు?

2019లో అలాద్దీన్, లయన్ కింగ్ కలిపి డిజిటల్ ఎక్లిప్స్ వాళ్ళు తెచ్చిన కలెక్షన్లో ఒక మంచి ఆలోచన ఉంది. గేమ్ మొదటి నుంచి చివరిదాకా ఎవరో ఆడినట్టు చూపిస్తుంది, ఎక్కడ కావాలంటే అక్కడ మనం కంట్రోలర్ అందుకోవచ్చు. ఓరుగల్లు తమ్ముడు కోతుల దగ్గర ఆగిపోయాడు కదా, ఆ తర్వాతి లెవెల్స్ చూసి, నచ్చిన చోట దిగి ఆడొచ్చు. ఇలాంటివి ఎన్ని పెట్టినా నాకు అభ్యంతరం లేదు. ఒరిజినల్ మాత్రం మార్పు లేకుండా ఒక పక్కన ఉండాలి.

#14 ఆర్కైవ్_ఆచారి

ఒరిజినల్ పక్కన ఉండాలంటున్నారు, అసలు గేమే దొరకకపోతే? వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తీసింది. అమెరికాలో 2010కి ముందు విడుదలైన గేముల్లో 87 శాతం అప్పటికి అంగట్లో లేవు.

కంపెనీలు చేసేది చూడండి. సూపర్ మారియో 3డీ ఆల్-స్టార్స్ 2020 సెప్టెంబరులో తెచ్చి 2021 మార్చి 31 తర్వాత అమ్మకం ఆపేశారు. సోనిక్ ఆరిజిన్స్ 2022లో వచ్చేముందు పాత సోనిక్ గేముల్ని చాలా చోట్ల విడివిడిగా కొనే వీలు తీసేశారు. కొత్తదాంట్లో సోనిక్ 3 పాటలు కొన్ని మార్చేశారు. ఇదివరకటి పాటలతో కావాలంటే పాత క్యాసెట్ వెతుక్కోవాలి. అదే ఆరిజిన్స్‌లో యానివర్సరీ మోడ్‌కి ప్రాణాల లెక్క తీసేసి, క్లాసిక్ మోడ్‌కి ఉంచారు. అది మెచ్చుకోదగ్గదే. కానీ కొత్తది అమ్మాలని పాతదాన్ని అంగట్లోంచి తీసేయడం నాకు మింగుడుపడదు. రివైండ్ ఇష్టం లేకపోతే నొక్కకుండా ఉండొచ్చు. షాపులోంచి తీసేసిన గేమ్‌ని మనమేం చేయగలం?

#15 మోడరేటర్

ఆచారి గారి పోస్ట్ తర్వాత కొందరు రోమ్ ఫైళ్ళ (గేముల కాపీల) లింకులు పెట్టారు, తొలగించాం. చర్చ బాగా నడుస్తోంది, దయచేసి లింకులు వద్దు.

#16 క్రాష్_కాకినాడ

లాస్ట్ లెవెల్స్ గురించి ఎవరూ ఎత్తలేదేంటి? ఈ చర్చకి అంతకంటే తగిన గేమ్ లేదు.

#17 పాతక్యాసెట్

నేనే ఎత్తుదామనుకున్నాను. 1986లో జపాన్‌లో డిస్క్ మీద వచ్చిన అసలు మారియో 2 అది. విషపు పుట్టగొడుగు, గాలి తోసేయడం, వెనక్కి తీసుకుపోయే వార్ప్ జోన్ (లోకాలు దాటించే అడ్డదారి). మొదటి మారియో బాగా ఆడేవాళ్ళ కోసమే చేశారు. మరీ కష్టమని అమెరికాకి పంపలేదు, డోకి డోకి పానిక్ అనే వేరే గేమ్‌ని మార్చి 1988లో మారియో 2 అని అమ్మారు. 1993లో ఆల్-స్టార్స్‌లో కలిపినప్పుడే అసలుది బయటి దేశాలకి చేరింది.

ఇందులో A నుంచి D వరకు అదనపు లోకాలున్నాయి. డిస్క్ వెర్షన్లో అవి తెరుచుకోవాలంటే గేమ్‌ని ఎనిమిదిసార్లు పూర్తిచేయాలి. ఆల్-స్టార్స్‌లో ఒక్కసారి చాలు, పైగా లెవెల్ లెవెల్‌కీ సేవ్. నాకు ఆ ఎనిమిదిసార్లే ఇష్టం. పూర్తిచేసిన ప్రతిసారీ మొదటి తెర మీద ఒక నక్షత్రం చేరుతుంది.

#18 సుధ_ఎల్

ఎనిమిదిసార్లు పూర్తి చేయాలని గేమ్ చెప్పడం వేరు, మనకి ఆడాలనిపించడం వేరు కదండీ. ప్రిన్స్ నన్ను ఒక్కసారి కూడా మళ్ళీ ఆడమని అడగలేదు, బహుమతీ ఇవ్వలేదు. లాస్ట్ లెవెల్స్‌లో నక్షత్రం కోసం ఆడేవాళ్ళు ఎనిమిదో నక్షత్రంతో ఆపేయరా?

#19 హెర్ట్జ్50

ఆల్-స్టార్స్ మాటొచ్చింది కాబట్టి, అందులో మొదటి మారియో కూడా ఒరిజినల్‌తో సమానం కాదు. పాతదాంట్లో ఇటుక పగలగొట్టగానే మారియో కిందికి వస్తాడు. ఆల్-స్టార్స్‌లో పగిలాక కూడా పైకే పోతాడు. ఇటుకల కింద గుంబా తరుముతుంటే ఆ తేడా బాగా తెలుస్తుంది. బొమ్మలు మెరుగయ్యాయి, దూకుడు చెడింది. పాతక్యాసెట్ గారు రివైండ్‌ని తిడుతున్నారు గానీ, నన్నడిగితే ఇలాంటి మార్పే పెద్ద ద్రోహం. రివైండ్ కంటికి కనిపిస్తుంది, వద్దనుకుంటే మానేయొచ్చు. దీన్ని ఆపే స్విచ్ ఎక్కడా లేదు.

#20 పాతక్యాసెట్

హెర్ట్జ్ గారూ, ఆ ఇటుకల విషయంలో మీతో నూటికి నూరుపాళ్ళు ఏకీభవిస్తాను. క్రాష్ పాదాల సంగతీ అంతే. సుధ గారూ, ఎనిమిది నక్షత్రాల తర్వాత కూడా నేను ఆడుతూనే ఉన్నాను. రివైండ్ మీద నా మాట మాత్రం మార్చుకోను.

#21 ఓరుగల్లు_బిడ్డ

అన్నా, ఇవన్నీ చదివినంక కాసిల్‌వేనియా 3 ఆడాలనిపిస్తున్నది. ఇంతవరకు ముట్టలేదు. జపాన్‌ది, అమెరికాది రెండూ ఒక్కదగ్గర దొరుకుతయా?

#22 బెజవాడ_రన్నర్

దొరుకుతాయి తమ్ముడూ. కాసిల్‌వేనియా యానివర్సరీ కలెక్షన్, 2019ది. మొదట అమెరికా వెర్షన్లతో వచ్చింది, తర్వాత ఉచిత అప్‌డేట్‌లో జపాన్ వెర్షన్లు కలిపారు. సెట్టింగ్స్‌లో దేశం మార్చుకుంటే చాలు. ముందు జపాన్‌ది ఆడు, గ్రాంట్‌ని వెంట తీసుకెళ్ళు, గడియారం బురుజు పైన దొరుకుతాడు. అది పూర్తయ్యాక అమెరికాది మొదలుపెట్టి ఎక్కడిదాకా వెళ్ళావో ఇక్కడ రాయి.

#23 ఓరుగల్లు_బిడ్డ

సరే అన్నా, డౌన్‌లోడ్ పెట్టిన. గ్రాంట్ బాకులు విసురుతుంటే స్క్రీన్‌షాట్ పెడతా.